ఒక సైజు పెద్దది

మా మేనత్త ఎవరికి బట్టలు కొన్నా ఒక సైజు పెద్దవే కొనేది. చిన్నప్పుడు నా లాగు జారిపోతుంటే నడుం దగ్గర పిన్నీసు పెట్టి, "పెరిగెటోనివి, ఏంగాదు" అనేది.

మామను కరీంనగర్ దవాఖానలో చేర్చినప్పుడు కాగజ్‌నగర్ నుంచి నేనే తోడు వెళ్లాను. కొన్నాళ్లకు డాక్టరు, ఇక చేసేదేమీ లేదు, ఇంటికి తీసుకుపొమ్మన్నాడు. అత్త ఆ మాట విననట్టే లేచి, "పాత అంగి మందుల వాసనొస్తుంది. కొత్తది తొడిగి తీస్కపోదాం" అంది.

షేర్ ఆటోలో బజారుకు పోయాం. రోడ్డు పక్కన కుప్ప పోసి అమ్ముతున్న అంగీల్లో రెండు చేతులూ పెట్టి వెతికింది. ఒక్కొక్కటే నా వీపుకు ఆనించి చూసి, అన్నిటికంటే పెద్దది పట్టుకుంది.

"అత్తా, మామ సగమైండు. చిన్నది సాలు," అన్నాను.

"బువ్వ తింటే మల్ల ఒళ్లు జేస్తడు. గప్పుడు చిన్నది బిర్రయితది."

తిరిగి వచ్చేటప్పుడు ఆటో ఎక్కడ ఆగినా, "జర జల్ది పోనియ్యి బిడ్డా" అని డ్రైవరును బతిమాలుతూనే ఉంది.

వారం తిరగకుండానే మామను ఆ అంగితోనే శవపెట్టెలో పడుకోబెట్టాం. అంగి చేతులు ఆయన వేళ్లను కప్పేశాయి. పాస్టరు ప్రార్థనకు నిలబడ్డాడు. ప్రార్థన మొదలయ్యేలోగా ఆ అంగి చేతులను మడుద్దామని నేను వంగితే అత్త నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"మడవకు బిడ్డా," అంది. "ఒళ్లు జేస్తడు."