శనివారం తలుపు తీసే ఆపా

ఆపా పోయిందన్న వార్త ఆపా నంబరు నుంచే వచ్చింది. అత్తమ్మకు జావ తాగిస్తున్నాను. ఫోను మోగింది. తెర మీద ఆమె పేరు చూసి, ఒక చేత్తో గిన్నె పట్టుకుని రెండో చేత్తో తెరిచాను. "నేను ఆపా తమ్ముణ్ని. ఆపా పొద్దున పోయింది. గుండె. మధ్యాహ్నం నమాజ్ అయినంక మట్టి ఇస్తున్నం. మీకందరికి ఎట్ల చెప్పాల్నో తెల్వక గీ గ్రూపుల పెడుతున్న" అని ఉంది. అత్తమ్మ నోరు తెరిచి చెంచా కోసం చూస్తోంది. మిగిలిన జావ తాగించి, మూతి తుడిచి, వంటింట్లోకి వెళ్లి ఏడ్చాను.

ఆఖరి చూపుకు వెళ్లలేకపోయాను. మణుగూరు నుంచి కల్లూరు దేశాంతరమేమీ కాదు. కానీ మా ఆయన గని డ్యూటీలో ఉన్నాడు. అత్తమ్మకు పక్షవాతం వచ్చినప్పటి నుంచి, ఆమె పిలిస్తే వినబడేంత దూరమే నాకు లోకం. కూరగాయలకు వెళ్లాలన్నా పక్క క్వార్టర్ ఆమెను కూర్చోబెట్టి, ఉరుకులు పరుగుల మీద వచ్చేస్తాను. ఇంకో మాట చెప్తే మీరు నమ్మరేమో. ఆపాను నేను ఎన్నడూ ఎదురుగా చూడలేదు. ఆమె పొడుగో పొట్టో నాకు తెలియదు. భుజాల నుంచి పైకి మాత్రమే తెలుసు.

ఆపా అంటే అక్క, అందరం అలాగే పిలిచేవాళ్లం. ఆమె సర్కారు బడిలో తెలుగు చెప్పి రిటైరైన టీచరు. కల్లూరులో తమ్ముడి చెప్పుల దుకాణం మీద, మేడ గదిలో ఉండేది. మోకాళ్లు అరిగిపోయి మెట్లు దిగడం మానేసింది. మా ఇద్దరి పనీ ఒకటే. చదువు రాని పెద్దవాళ్లకు ఫోనులో అక్షరాలు నేర్పడం. ఒక సంస్థ వాళ్లు మాకు మనుషుల్ని అప్పగిస్తారు. ఎక్కువగా అడవి పల్లెల ఆడవాళ్లు, ఇంట్లో తెలుగు కాక తమ గూడెం భాష మాట్లాడేవాళ్లు. సిగ్నల్ దొరికే గట్టు ఎక్కి, మొగుడి ఫోను చేతికి చిక్కిన పూట పాఠానికి వస్తారు. ఇవతల మేం ఎవరి ఇంట్లో వాళ్లం కూర్చుని చెప్తాం. మాకు స్టాఫ్ రూము లేదు, పక్క క్లాసు లేదు, "నీకూ గిట్లనే అయితుందా?" అని అడగడానికి మనిషి లేదు. నెలాఖరుకు అందరూ నవ్వుతున్న స్క్రీన్‌షాట్ ఒకటి పంపిస్తే చాలు, మేం బాగా చెప్తున్నట్టే లెక్క. అలాంటి మమ్మల్ని ఒక చోటికి తెచ్చింది ఆపా. అది కూడా తను చేసిన ఒక తప్పు పుణ్యాన.

ఫోను ముందు కెమెరాలో మనం రాసింది మనకు అద్దంలో లాగా తిరగబడి కనిపిస్తుంది. అవతలి వాళ్లకు మాత్రం సరిగ్గానే ఉంటుంది. ఆ సంగతి తెలియక, బోర్డు మీద తన అక్షరాలు తిరగబడ్డాయనుకుని ఆపా హడలిపోయిందట. అంత వయసులో పట్టుబట్టి, ప్రతి అక్షరాన్నీ తిప్పి రాయడం సాధన చేసింది. తన తెర మీద ముత్యాల్లా కనిపించేవి. అవతల ఆడవాళ్లు ఆ తిరగబడ్డ అక్షరాలను బుద్ధిగా దిద్దుకున్నారు. చివరికి ఒకామె సంతకు పోతూ బస్సు బోర్డు చూసి ఫోన్ చేసింది. "ఆపా, బస్సోళ్లకు సదువు రాదా ఏంది? అచ్చరాలన్ని ఉల్టా రాసిన్రు!"

నేనైతే ఆ ముచ్చట ఎవరికీ చెప్పకుండా మింగేసేదాన్ని. ఆపా ఏం చేసిందో వినండి. సంస్థ వాళ్లు టీచర్లందరినీ ఆన్‌లైన్ మీటింగుకు పిలిచి, సాధించిన ఘనతల గురించి పెద్దలంతా మాట్లాడాక, "ఎవరైనా అనుభవాలు పంచుకుంటారా?" అని అడిగారు. ఆపా మైకు తెరిచి ఈ కథ మొత్తం చెప్పింది, బస్సుతో సహా. తర్వాత దమ్మపేట నుంచి ఒక సారు గొంతు సవరించుకుని, "మేడమ్, నేను ఇప్పటికి గట్లనే రాస్తున్న" అన్నాడు. ఆయన వెనక ఇంకో ఇద్దరు బయటపడ్డారు.

"సూసిన్రా?" అంది ఆపా. "అందరం ఒక్క తప్పే చేసినం, ఒగలికి తెల్వకుండ ఒగలం. గిదేం బతుకు?"

ఆ వారమే మా అందరికీ ఫోనులో ఒక గ్రూపు పెట్టి, అందులో వీడియో మీటింగు లింకు పంపింది. శనివారం సాయంత్రం నాలుగింటికి. సంస్థకు సంబంధం లేదు, స్క్రీన్‌షాట్లు లేవు. నాలుగు కాగానే లింకు నొక్కి వెయిటింగ్ రూములో కూర్చునేవాళ్లం. ఆపా ఒక్కొక్కరినీ లోపలికి తీసుకునేది. అది వేలితో నొక్కితే అయిపోయే పని. ఆమె మాత్రం ఇంటి గుమ్మంలో నిలబడ్డట్టే పిలిచేది. "రా మణుగూరు బిడ్డా. దమ్మపేట సారూ, రాండ్రి రాండ్రి." మా పేర్లు ఆమె నోట ఎప్పుడూ వినలేదు. అందరం ఊళ్ల పేర్లతోనే బతికాం. మొదలుపెట్టే ముందు దుపట్టా కొంగుతో కెమెరా తుడిచేది. మా తెరలన్నీ క్షణం సేపు ఆ గుడ్డతో నిండిపోయేవి. కింద దుకాణంలో ఎవరో చెప్పులు బేరమాడుతున్న గోల పైకి వినబడుతూ ఉండేది.

అక్కడ ఒకటే పద్ధతి. ఆ వారం ఏం చెడిందో ముందు చెప్పాలి. ఎవరైనా గొప్పలు మొదలుపెడితే, "బాగైంది ఎవలన్న చెప్తరు, చెడింది చెప్పుండ్రి" అనేది. ఎవరైనా పాఠ్యపుస్తకాన్ని తిడితే, "పుస్తకాన్ని ఇడిసిపెట్టుండ్రి. మీ క్లాసుల ఆమె చెట్టును ఆమె భాషల ఏమంటదో అడిగిన్రా?" అనేది. నేను అడగలేదు. మర్నాడు అడిగాను. నా క్లాసులో అంతవరకూ ఊఁ తప్ప ఇంకో మాట అనని ఒకామె, ఆ రోజు ఇంట్లో ఉన్నవన్నీ తన భాషలో వరసపెట్టి చెప్పింది. ఇట్లాంటివి మాకు ఏ ట్రైనింగులోనూ ఎవరూ చెప్పలేదు.

ఒకసారి నేను పని మానేద్దామనుకున్నాను. నా క్లాసులో కూడబలుక్కుని చదవడం దాకా వచ్చిన ఒకామె ఉన్నట్టుండి రాలేదు. మిరపకాయ కోతలకు మొగుడితో వలస పోయిందని, ఫోను కూడా వాళ్లతోనే పోయిందని తర్వాత తెలిసింది. సంస్థ వాళ్లు హాజరు ఎందుకు తగ్గిందని అడిగారు. లోపల అత్తమ్మ, ఇవతల ఈ ఫోను, రెండింటి మధ్య నాకు ఊపిరాడలేదు. ఆపాకు ఫోన్ చేసి, "మానేస్తున్న ఆపా, నాతోని కాదు" అన్నాను. బతిమాలుతుందనుకున్నాను.

"మానెయ్ బిడ్డా. గాని శనారం వచ్చి అందరి ముంగట చెప్పి మానెయ్. మెసేజ్ పెట్టి పోవుడు మర్యాద కాదు."

"ఏం చెప్పాలె? ఇంట్లకెళ్లి కదలరాదు, క్లాసు నిలబడదు. ఇరుక్కపోయిన."

"అవ్, ఇరుక్కపోయినవ్. నేను మెట్లు దిగను, నువ్వు గడప దాటవు. ఇద్దరం మంచిగ దొరికినం పో!" అని నవ్వింది. నాకు ఒళ్లు మండింది.

శనివారం వెళ్లి చెప్పాను. నా తర్వాత దమ్మపేట సారు, తన క్లాసులో ఇద్దరే మిగిలారని చెప్పాడు. ఇంకొకామె, ఎవరూ రాకపోయినా ఖాళీ తెరకు పాఠం చెప్పి ముగించానంది. అందరం కాసేపు నవ్వాం. ఎందుకు నవ్వామో అడిగితే చెప్పలేను. మానేస్తానన్న మాట ఆ గోలలో ఎక్కడో పడిపోయింది. దాన్ని మళ్లీ ఎత్తకుండా ఆపా చూసుకుంది. అందుకు ఆమెకు నేను రుణపడి ఉన్నాను. కోపం కూడా ఉంది. తను లేకపోతే నేనెప్పుడో బయటపడేదాన్ని.

ఆ లింకు ఆపా ఫోను నుంచి తప్ప తెరుచుకోదు. ఇంకొకరికి కూడా ఆ వీలు ఇవ్వమని దమ్మపేట సారు ఒకసారి అడిగాడు. "నేనెక్కడికి పోత సారూ? మెట్లే దిగలేను గదా!" అంది. అందరం ఒప్పుకున్నాం.

ఆమె పోయాక వచ్చిన మొదటి శనివారం, నాలుగింటికి నా వేలు దానంతటదే పాత లింకు నొక్కింది. లోపలికి తీసుకునే వరకు వేచి ఉండమని తెర మీద వచ్చింది. వార్త పెట్టిన రోజు తెరిచే ఉన్న ఆపా ఫోను, ఛార్జింగ్ అయిపోయి ఆగాక తాళం పడిందని, దాని నంబరు ఎవరికీ తెలియదని ఆమె తమ్ముడు ముందే చెప్పాడు. అయినా కూర్చున్నాను. వెయిటింగ్ రూములో పక్కన ఎవరున్నారో కనబడదు కదా, నేనొక్కదాన్నే పిచ్చిదాన్ననుకున్నాను. అంతలో గ్రూపులో ఒకామె రాసింది, "నేను బయట కూసున్న." వెంటనే ఇంకొకరు, "నేను గూడ." అలా ఒకరి తర్వాత ఒకరు. అందరం ఒకే మూసిన తలుపు ముందు, ఒకరికొకరం కనబడకుండా ఉన్నాం.

కొత్త లింకు తయారు చేయడం ఎంతసేపు? ఎవరూ చేయలేదు. చేసినవాళ్లకు అది మెడకు చుట్టుకుంటుందని అందరికీ తెలుసు. నాకూ తెలుసు. ఇంట్లో ఒక మంచానికి కట్టేసి ఉన్నాను, ఇది ఇంకో గుంజ. కానీ ఈ శనివారం కూడా పోతే నాకు మిగిలేది ఈ నాలుగు గోడలే. ఆపా మీద పీకల దాకా కోపంతో లింకు చేసి, గ్రూపులో పెట్టాను.

తెర మీద పేర్లు రావడం మొదలైంది. ఒక్కొక్కటే నొక్కాను. మొదటి రెండు మూడింటినీ వేలితోనే లోపలికి తీసుకున్నాను. తర్వాత "రాండ్రి" అన్నాను. చాలా చిన్నగా అన్నాను.

దమ్మపేట సారు ఒక్కడే రాలేదు. కొత్త లింకు చూసుకోలేదేమోనని అత్తమ్మ ఫోనుతో, స్పీకరు పెట్టి ఆయనకు ఫోన్ చేశాను. "సారూ, అది తెరుచుకోదు. ఇటు రాండ్రి, నేను తీసిన."

"చూసినమ్మా. తెల్సు" అన్నాడు. వెనకాల కోళ్ల అరుపు వినబడింది. "ఆపా తీస్తదని గాదు. గింతసేపు ఇక్కడ్నే కూసుంట. మీరు షురూ చేసుకోండ్రి."

ఆ మాట అందరూ విన్నారు. ఎవరూ మొదలుపెట్టలేదు. లోపలి నుంచి అత్తమ్మ పిలిచింది, "వస్తున్నా" అన్నాను, లేవలేదు. దమ్మపేటలో ఆయన తన ఇంటి వసారాలో, ఇక తెరుచుకోని తలుపు ముందు కూర్చుని ఉన్నాడు. ఇక్కడ మేమంతా మైకులు తెరిచి పెట్టుకుని, ఆయన కోసం కూర్చుని ఉన్నాం.