జేబులో మిగిలిన చెక్కబిళ్ళ

మా మిల్లులో ఎవరి ఉన్ని వాళ్ళదే. అది గోడ మీద రాసిపెట్టిన నియమం కాదు, తోర్‌బోర్గ్ అక్కకు పట్టిన జబ్బు. ఈ ఫియోర్డ్ సముద్రపాయ ఒడ్డున గొర్రెలున్న వాళ్ళంతా అక్టోబరులో కత్తిరించిన ఉన్ని సంచులకెత్తి ఆమె దగ్గరికే తెస్తారు. ఆమె కడిగి, ఆరబెట్టి, దువ్వి, నూలు వడికి, ఎవరి గొర్రెల నూలు వాళ్ళకే తిరిగి ఇస్తుంది. ఒకరి సంచి అయ్యాక ఇంకొకరిది వేసే ముందు దువ్వే యంత్రం పళ్ళన్నీ అరగంట సేపు బ్రష్షుతో తోముతుంది. "ఏం చాదస్తం అక్కా! నాలుగు పోగులు కలిస్తే కొంపలంటుకుంటాయా?" అని విసుక్కునేదాన్ని. "అంటుకుంటాయే మారిత్" అనేది. ముప్పై ఒక్క ఏళ్ళుగా ఆమెది ఇదే మాట.

కిందటేడు నిజంగానే అంటుకున్నాయి.

అక్టోబరులో ఒక వారమంతా ఒకటే వాన. ఆరబెట్టే గదిలో ఉన్ని పరిచే వలలన్నీ నిండిపోయి, ఓడ్నీ ఉన్నీ, ఐలెర్ట్ ఉన్నీ పక్కపక్క వలల మీద పడ్డాయి. వాళ్ళిద్దరూ సొంత అక్కాతమ్ముళ్ళు. తండ్రి పోయాక మంద పంచుకుంటూ ఒక పొట్టేలు దగ్గర మాటా మాటా అనుకున్నారు. తొమ్మిదేళ్ళుగా ఉప్పూ నిప్పూ. ఒకరు మంగళవారం వస్తే ఇంకొకరు గురువారం వస్తారు. పైగా సంచి దింపుతూ ఓడ్నీ ఏటా అనేది ఒకటే: "వాడి గొర్రెల వెంట్రుక ఒక్కటి నా నూల్లో కనబడిందా, నీ మిల్లు గడప తొక్కను." ఆ తమ్ముడిదీ అదే పాట.

ప్రతి వలకూ యజమాని పేరున్న చెక్కబిళ్ళ కట్టి ఉంటుంది. ఉన్ని బుట్టలోకి ఎత్తినప్పుడు బిళ్ళ కూడా బుట్టకు మారాలి. ఆ మధ్యాహ్నం నేను పోస్టాఫీసుకు వెళ్ళి వచ్చేసరికి దువ్వే యంత్రం ఆగిపోయి ఉంది. బుట్టకు ఐలెర్ట్ బిళ్ళ వేలాడుతోంది. అక్క ముఖాన నెత్తుటి చుక్క లేదు. ఆమె అరచేతిలో ఓడ్నీ బిళ్ళ.

"ఇది నా ఆప్రాన్ జేబులో ఉండిపోయిందే" అంది. "రెండు వలలూ ఒకే బుట్టలో దులిపేశాను. రెండూ ఒకే బూడిద రంగు కదా. మొత్తం దువ్వేశాను."

వీళ్ళిద్దరూ ఊరంతా టాంటాం వేస్తే మళ్ళీ మాకు సంచి ఇచ్చేదెవరు? అక్క పేరూ పోతుంది, నా జీతమూ పోతుంది. అందుకే సిగ్గు లేకుండా చెప్పేశాను.

"తూకం వేసి పంచేద్దామక్కా. ఆవిడది పద్నాలుగు కిలోలు, అతనిది పదకొండు. రెండూ వాళ్ళ నాన్న మంద సంతానమేగా! దేవుడు దిగొచ్చినా తేడా కనిపెట్టలేడు."

"నేనూ కనిపెట్టలేకపోతున్నానే! అదేనే నా భయం." ఆమె గుప్పెడు ఉన్ని ముక్కుకు ఆనించుకుంది, వేళ్ళతో నలిపింది, మళ్ళీ వాసన చూసింది. "ఐలెర్ట్ గొర్రెలు ఒడ్డున సముద్రపు నాచు తింటాయి. చేత్తో పట్టుకుంటే చాలు, చెప్పేసేదాన్ని. ఇప్పుడిది ఎవరిదో నాకే తెలీదు."

ఆ తర్వాత మూడు రోజులూ ఆమెకు ముద్ద దిగలేదు. నేను చేసుకెళ్ళిన వాఫుల్స్ అలాగే అట్టల్లా ఎండిపోయాయి. ఫోన్ మోగితే ఉలిక్కిపడేది. చివరికి తనే ఫోన్ చేసి ఇద్దర్నీ శుక్రవారం పదింటికి రమ్మంది.

"ఇద్దర్నీ ఒకేసారా? కొరివితో తల గోక్కోవడం కాదూ ఇది!" అన్నాను.

"ఒకరికి ముందు చెబితే రెండోవాళ్ళు నన్ను దొంగంటారు" అంది.

శుక్రవారం ఓడ్నీ వచ్చి కిటికీ దగ్గర నిలబడింది, ఐలెర్ట్ తలుపు దగ్గర. అక్క దాపరికం లేకుండా జరిగింది జరిగినట్టు చెప్పింది.

ఓడ్నీ ఉన్ని ఒక గుప్పెడు పట్టుకుంది. "ఇందులో నాదేది?"

"తెలీదు ఓడ్నీ."

"మారిత్, ఆవిడకి చెప్పు," అన్నాడు ఐలెర్ట్ గోడ వైపు చూస్తూ, "మెత్తగా ఉన్నదంతా నాదేనని."

"మెత్తనా? ఉప్పుగాలికి గరుకెక్కిన ఆ బొచ్చా? వాడికి చెప్పు మారిత్..."

"నాన్న మంచి పొట్టేల్ని తోలుకుపోయింది నువ్వు కదూ!"

"నాన్నే ఇచ్చాడురా నాకు! నువ్వా రోజు పడవ మీద ఎక్కడున్నావో చెప్పనా?"

నా పేరు ఎప్పుడు పక్కకు పోయిందో వాళ్ళకే తెలీదు. తొమ్మిదేళ్ళ తిట్లన్నీ గంటలో తిట్టుకున్నారు. అక్క అంతసేపూ తల దించుకునే ఉంది. వడికాక తూకం ప్రకారం పంచాలని వాళ్ళే తేల్చారు. కూలీ ఆమె అడగనూ లేదు, వాళ్ళు ఇవ్వనూ లేదు. వెళ్ళేటప్పుడు ఓడ్నీ ఆగి, "నిన్ను చూసుకునే కదా తోర్‌బోర్గ్, మేమిన్నేళ్ళూ ధీమాగా ఉన్నది" అంది. ఆమె తిట్టి ఉంటేనే నయం.

ఈ అక్టోబరులో ఇద్దరూ ఒకే రోజు వచ్చారు. సంచుల మూతులు దారంతో కుట్టేసి ఉన్నాయి. "ఈసారి అన్నీ మా కళ్ళ ముందే జరగాలి" అన్నారు. దువ్వే రోజున మళ్ళీ వచ్చి, ఒకే బల్ల మీద, ఒకే ఫ్లాస్కులోని కాఫీ తాగుతూ కాపలా కూర్చున్నారు.

"పళ్ళు సరిగ్గా తోమిందా?" అంది ఓడ్నీ తమ్ముడితో.

"తోమింది. నువ్వు కళ్ళజోడు పెట్టుకో అక్కా."

వాళ్ళను చూస్తే ముచ్చటేసింది. తోర్‌బోర్గ్ అక్కను చూస్తే ఏడుపొచ్చింది. ఐలెర్ట్ ఉన్ని అయిపోయింది. ఆమె యంత్రాన్ని ఈసారి గంట సేపు తోమింది. తర్వాత అక్క ఓడ్నీ ఉన్ని బుట్ట ఎత్తి, ఏమనుకుందో, దించేసి వాళ్ళు కూర్చున్న బల్ల దగ్గరికి వెళ్ళింది. ఎవరూ అడగలేదు. ఆప్రాన్ జేబులు రెండూ బయటికి లాగి, ఖాళీగా ఉన్నాయని వాళ్ళకు చూపించింది.