వేడినీళ్ళలో క్యాప్సూల్ డొప్ప

మా అత్తగారు మిరియాలు దంచే చిన్న రాతిరోట్లో మందు నూరుతుంటే చూసి గుమ్మంలోనే నిలబడిపోయాను. కడుపుమంటకు డాక్టర్ రాసిన క్యాప్సూల్ అది. డొప్ప విప్పి చెత్తబుట్టలో పడేశారు. లోపలి తెల్లటి గుళికలు మెత్తటి పిండైపోయాయి. దాన్ని తేనెలో రంగరించి నాకేశారు.

"ఏంది అత్తా ఇది?"

"మందు తింటా ఉండాను. కనబడ్లేదా?"

"మొదట్నుంచీ ఇట్లే తింటా ఉండావా?"

"ఇంకెట్ల? ఆ గొట్టం ఎముకలతో చేస్తారంట. అది నా నోట్లోకి పోదు తల్లీ."

అప్పటికి నెలల తరబడి ఆమె పడుకోలేక, గోడకు ఆనుకుని కూర్చునే నిద్రపోతున్నారు. అన్నం మానేసి గంజి తాగుతూ చిక్కిపోయారు. డాక్టర్ మోతాదు పెంచినా మంట తగ్గలేదు. నేను వేసే కారమే కారణమని ఇంటికి వచ్చినవాళ్ళందరికీ చెప్పారు. ఆ మాట నేను మరిచిపోలేదు.

నేను పనిచేసేది సర్జాపుర దారిలో సెల్యులోజ్ పొడి తయారుచేసే కంపెనీలో. నా పని నాణ్యత పరీక్ష. బొమ్మనహళ్ళిలో మా గృహప్రవేశం రోజు, భోజనాల పంక్తిలో మా ఆడపడుచు "మా మరదలు రంపపు పొట్టు ఉడకబెట్టే కంపెనీలో ఉండాది" అంది. ఎవరెవరు నవ్వారో, ఏ వరుసలో కూర్చున్నారో ఇప్పటికీ చెప్పగలను.

రంపపు పొట్టు కాదు. శుద్ధి చేసిన కలప గుజ్జు. దాన్ని కాస్టిక్ సోడాతో ఉబ్బించి, మూసిన పాత్రలో ఒత్తిడి కింద మరో రెండు రసాయనాలతో కలుపుతాం. సెల్యులోజ్ పొడవాటి గొలుసు. దానికి అక్కడక్కడా కొత్త కొసలు అతుక్కుంటాయి. నీళ్ళకు లొంగని కలప చల్లటి నీళ్ళలో కరిగే తెల్లపొడి అవుతుంది. వేడినీళ్ళలో మాత్రం కరగదు. అందుకే దానిలోని ఉప్పును, మలినాలను వేడినీళ్ళతోనే కడిగేస్తాం. ఆ పొడి టైల్స్ అతికించే సిమెంటులో ఉంటుంది, కంటి చుక్కల్లో ఉంటుంది. మాంసం తగలని క్యాప్సూల్ డొప్పలు కూడా దానితోనే చేస్తారు.

గుళికల మీద పూత కూడా ఈ సెల్యులోజ్ కుటుంబానిదే. కడుపులోని ఆమ్లంలో అది చెక్కుచెదరదు, పేగుల్లోకి వెళ్ళాకే కరుగుతుంది. ఆ పూత లేకపోతే ఆమ్లం మందును ముందే పాడుచేస్తుంది. అత్తగారు ఇన్నాళ్ళూ రోట్లో నూరింది ఆ పూతనే.

"డొప్పతోనే మింగు అత్తా. ఇది చెట్టుది. మందుల షాపాయన్ని అడిగే తెచ్చినాను."

"షాపాయన చెప్తే అయిపాయనా?"

"సుమ్నే, ఊరికే ఎందుకు గలాటా మీకిద్దరికీ" అన్నాడు నా భర్త, ఫోన్లోంచి తలెత్తకుండా.

ఆదివారం ఆడపడుచు వచ్చింది. ఆమె ఎదుటే తేల్చాలని నేనే పట్టుబట్టాను. రెండు గాజు గ్లాసుల్లో మరిగిన నీళ్ళు పోశాను. ఒకదాంట్లో కంపెనీ నుంచి తెచ్చిన, మా పొడితో చేసిన ఖాళీ డొప్ప, రెండోదాంట్లో అత్తగారి మందు డొప్ప వేశాను. "ఎముకలదైతే వేడికి కరుగుతుంది, చెట్టుదైతే నిలబడుతుంది. రెండూ నిలబడతాయి, చూడండి" అన్నాను.

మాది నిలబడింది. అత్తగారిది అంచుల దగ్గర మెత్తబడి, అణిగిపోయి, చూస్తుండగానే మాయమైంది. నీళ్ళకు లేత గులాబీ రంగు మిగిలింది.

పరీక్ష తప్పేమోనని ఇంకో డొప్ప వేశాను. అదీ కరిగిపోయింది.

"పోనీలే మరదలా, మీ రంపపు పొట్టు నిలబడింది కదా" అంది ఆడపడుచు.

అత్తగారు గొంతు కూడా పెంచలేదు. "నేనేం చెప్పినాను?" అన్నారంతే.

షాపుకు వెళ్ళి అడిగితే, "మంచి మాల్ అన్నాను కానీ వెజ్ అన్లేదక్కా" అన్నాడు. వెజ్ అనే అన్నాడు. నేను విన్నాను. ఆ షాపు మీద ఫిర్యాదు పెట్టాను, ఇంకా వదల్లేదు.

కానీ మందు చెడకుండా ఆమె పేగుల్లోకి వెళ్ళాలి కదా. డాక్టర్‌కు ఫోన్ చేశాను. డొప్ప తీసేసినా ఫర్వాలేదు, గుళికలు మాత్రం నూరకుండా, నమలకుండా చెంచా పెరుగులో మింగమన్నాడు.

"ఆ గుళికల మీదుండేది దేనిదో?" అన్నారు అత్తగారు.

ఈసారి నేను మాటివ్వలేదు. మందు తయారుచేసే కంపెనీకి ఫోన్ చేసి, ఒకరి నుంచి ఒకరికి మారుస్తున్నా పెట్టేయకుండా, తెలిసిన మనిషి దొరికేదాకా పట్టుకుని, స్పీకర్‌లో ఆమెకే వినిపించాను. గుళికల పూత చెట్టు సెల్యులోజే అన్నాడతను. ఆమె రెండుసార్లు చెప్పించుకున్నారు. తర్వాత డొప్ప విప్పి, గుళికలను పెరుగులో వేసి, కళ్ళు మూసుకుని మింగారు.

కొన్ని వారాల తర్వాత ఒక మధ్యాహ్నం ఆమె అన్నం తిని, చాప మీద వెల్లకిలా పడుకుని గురకపెట్టి నిద్రపోయారు. లేచేసరికి ఆడపడుచు ఫోన్. మంట ఎట్లా తగ్గిందని అడిగినట్టుంది.

"పెరుగు గుణం" అన్నారు అత్తగారు. నేను పక్కనే ఉన్నాను.