గుమ్మం దాటని కార్డుముక్క

మా చిన్నప్పుడు నెల్లిమర్లలో పోస్టుమాన్ సైకిలు మా సందులోకి తిరిగిందంటే చాలు, అమ్మ నీళ్ల బిందె తెచ్చి గుమ్మం బయట పెట్టేది...

విశాఖ జైలు నుంచి సూరి చిన్నాన్న కార్డులు వచ్చే రోజులవి. పొలం గట్టు తగాదాలో ఆయన ఎత్తిన గునపానికి ఒక మనిషి పోయాడు. యావజ్జీవం పడింది. నెలకో కార్డు రాసేవాడు... జైలు ముద్రతో.

చావు కబురు తెచ్చిన ఉత్తరాన్ని మా వైపు ఇంట్లోకి తీసుకెళ్లరు. బయటే చదివి, చింపేసి, నెత్తిన నీళ్లు పోసుకుని లోపలికి వస్తారు. బతికున్న తమ్ముడి కార్డుకి నాన్న అదే మర్యాద చేసేవాడు. వీధిలో నిలబడి గట్టిగా చదివి, ముక్కలు చేసి, తడిబట్టలతో గుమ్మం దాటేవాడు.

నానమ్మ లోపల గడప పట్టుకుని వినేది. చదువు రాదు... కొడుకు రాసిన అక్షరాన్ని ఒక్కసారి చేత్తో తడమాలని ఉండేది. అదీ దక్కలేదు.

ఎదురింటి అప్పలమ్మ అరుగు మీంచి అనేది, "ఏటే ముసిలీ, మళ్లీ పోనాడేటి నీ కొడుకు? నెలనెలా సస్తన్నాడు గదే!"

సందంతా నవ్వేది.

ఒకరోజు నానమ్మ ఎదురుతిరిగింది. "ఒరే, బతికున్నోడికి తానాలేట్రా? ఆడు నీ తోడబుట్టినోడు కాడేటి?"

"మనకి ఆడు పోనోడే. నువ్వూ ఓపాలి నీళ్లు పోసుకో, తీరిపోద్ది" అన్నాడు నాన్న.

ఆ మధ్యాహ్నం నానమ్మ నన్ను పెరట్లోకి పిలిచి ఒక కార్డు రాయించింది. "అమ్మ బాగున్నాది. పైడి నీ కోసమే ఉన్నాది. నువ్వొచ్చే వరకూ ఉంటాదట." పైడి ఆమె తమ్ముడి కూతురు, చిన్నాన్నకి అనుకున్న పిల్ల. నేను ఇంకుపెన్నుతో రాసిచ్చాను. తన చేతి నుంచి వెళ్లేది మంగళంగా వెళ్లాలని నానమ్మ పసుపు కలిపింది. శుభలేఖకైతే మూలలకే రాస్తారు. ఆమె తడిపసుపు రాసినవైపంతా పూసింది... ప్రేమకొద్దీ.

జవాబు వచ్చింది. "అచ్చరాలన్నీ అలికిపోనాయి. పసుపు సూసి పైడి పెళ్లని తెలిసింది. సల్లగా ఉండమనండి. ఇంక కార్డులు రాయను."

నాన్న అది వీధిలో చదువుతుంటే నానమ్మ మొదటిసారి గడప దాటి వచ్చి ఆయన చెయ్యి పట్టుకుంది. "నా సేతులిరిగిపోనూ... పైడికి పెళ్లవలేదని ఓ ముక్క రాయరా బాబూ."

నాన్న కార్డు చింపాడు. నెత్తిన నీళ్లు పోసుకున్నాడు. "ఆడనుకున్నదే నిజం సేసీద్దాం. మావతో నేను మాటాడతాను."

ఆ వేసవిలోనే పైడికి పెళ్లి చేసేశారు. జైలుకి శుభలేఖ వెళ్లింది. ఈసారి పసుపు నాన్నే రాశాడు... నాలుగు మూలలకీ, పద్ధతిగా.

ఆ తర్వాత సైకిలు గంట వినబడితే నానమ్మే బిందె నింపి గుమ్మం బయట పెట్టేది. "ఒస్తాదే, ఈ నెల ఒస్తాది. మీ నాన్న తానం సేసుకుంతే సేసుకోనీ..."

రాలేదు. అలా ఎదురుచూస్తూనే ఆమె పోయింది.

చిన్నాన్న నిజంగా పెళ్లే అనుకున్నాడా... లేక గుమ్మం దగ్గర తానాల సంగతి ఎవరైనా చెబితే, పసుపుని వంక చేసుకుని మానేశాడా... ఇప్పటికీ తేల్చుకోలేను.

విడుదలయ్యాక కూడా ఆయన ఇంటికి రాలేదు. భావనపాడులో వలలు బాగుచేసుకుంటూ ఉన్నాడని తెలిసి నంబరు సంపాదించింది నేనే. మంచి పనో కాదో... నాన్నకిచ్చాను. ఇప్పుడు ముసలితనంలో నాన్న రోజూ పొద్దున్నే వాట్సాప్‌లో తమ్ముడికి పువ్వుల బొమ్మతో శుభోదయం పంపుతాడు. పంపి, ఫోను నా చేతికిస్తాడు.

"సూసేడేటే?"

"సూసేడు నాన్నా. రెండు నీలం గీతలు పడ్డాయి."

"మరేటీ రాయలేదేటి?"

అప్పుడైతే చింపడానికైనా ఒక ముక్క వచ్చేది...

మీ ఇళ్లలోనూ గుమ్మం బయటే ఆగిపోయిన ఉత్తరాలున్నాయా? ఉంటే ఇక్కడ రాయండి... ఎవరూ చింపరు.