ఈ వారం వండింది

అవ్వను మట్టిలో పెట్టేటప్పుడు ఆమె గురించి మమ్మల్ని ఒక్క సాక్ష్యం కూడా చెప్పనివ్వలేదు. అది తప్పు. పోయిన సోమవారం జమ్మలమడుగులో ఆమె కన్నుమూసింది. చర్చి సంఘ పెద్దలు తృప్తితీరా తామే మాట్లాడి, మా వంతు వచ్చేసరికి పొద్దుపోయిందన్నారు. ఇక మీదట శుక్రవారం సాక్ష్యాల కూడిక కూడా ఉండదట, ఆ వేళ ప్రసంగమేనట.

ఆసుపత్రి గుడ్డలు ఉతికి బతికిన మనిషి ఆమె. శుక్రవారం సాయంత్రం చర్చి వసారాలో గోడకు తల ఆనించి, కొంగు చెవి వెనక్కి దోపి, ప్రభువు తమకు చేసింది ఒక్కొక్కరూ లేచి చెబుతుంటే వినేది. చెప్పేది ఆ వారం జరిగిందే అయ్యుండాలి. అవునని ఇంటివాళ్లో పక్కింటివాళ్లో అనాలి. ఎవరైనా పాత అద్భుతం ఎత్తుకుంటే, "సద్దికూడు వద్దప్పా, ఈ వారం వండింది పెట్టు" అనేది.

కర్నూలు రాజధానిగా ఉన్న రోజుల్లో నేను ప్రొద్దుటూరు పత్తి మిల్లులో కుదిరాను. మేస్త్రీ మీదా దేవుడి మీదా ఒకటే కోపం. ఎగతాళి చేద్దామనే ఒక శుక్రవారం జమ్మలమడుగు వచ్చి ఆ వసారాలో వెనక కూర్చున్నాను. బండలు కొట్టే ఒకాయన లేచాడు.

"నిన్న నా పెండ్లాం మీద చెయ్యెత్తినా. ప్రభువు యాదికొచ్చి దించినా."

"నిజమేనామ్మా?" అవ్వ ఆయన భార్య వైపు తిరిగింది.

"దించినాడులేవ్వా. నోరే ఇంకా దించలా."

వసారా అంతా నవ్వింది, ఆయనతో సహా. "ఆ నోరు దించిన సంగతి వచ్చేవారం తీసుకరాప్పా" అంది అవ్వ.

తెచ్చాడు. "ఈ వారం ఇంట్లో అరుపు లేదు" అని ఆ భార్యే లేచి చెప్పింది. దొరికిన పుస్తకమల్లా చదివి నేను కొట్టిపారేసిన దేవుణ్ణి, ఆ మాట విన్నాక కొట్టిపారేయలేకపోయాను.

అవ్వ మంచం పట్టాక ఒకసారి చూడబోయాను.

"అవ్వా, ఈ వారం నాకు నమ్మకమే కుదర్లా. చెప్పేదానికేం లేదు."

"మల్ల శుక్రవారం యాడికి పోయినావు?"

"వసారాకే. వాళ్లు చెప్పేది విందామని."

"ఇంగేం నాయనా! మన పొయ్యి ఆరిపోతే పక్కింట్లో నిప్పు తెచ్చుకోమా? దాంట్లో సిగ్గేంది?"

ఆ నిప్పుతోనే ఇప్పటికీ నా పొయ్యి వెలుగుతోంది. అందుకే అడుగుతున్నాను. పెద్దలారా, మా కూడిక మాకివ్వండి. వచ్చే గురువారం పొద్దుగూకేలోపల జవాబు చెప్పండి. పండక్కి వసారాకు సున్నం కొట్టిస్తారట, కొట్టించండి. అవ్వ తలనూనె అంటి నల్లబడిన ఆ కాస్త చోటు మాత్రం వదిలేయండి.

మొన్న శుక్రవారం ఎవరూ పిలవకపోయినా మేం కొందరం అక్కడికి వెళ్లాం. బండలు కొట్టే ఆయన ఆ మచ్చ వైపు తిరిగి తన వారం సంగతి చెప్పాడు. నిజమేనా అని అడిగేవాళ్లు లేరు. అయినా వెనక నుంచి ఆయన భార్య అంది: "నిజమే అవ్వా."