తలకిందులుగా దిగిన పిట్ట

మొన్న బండ్రి అడవిలో ఒక పిట్ట మాను మీద తలకిందులుగా దిగుతూ కనబడింది. నీలి బూడిదరంగు వీపు, ఇటుకరంగు పొట్ట. వడ్రంగి పిట్ట అలా తల కిందికి పెట్టి దిగదు. ఇది నట్‌హ్యాచ్, బెరడు సందుల్లో పురుగులు ఏరుకుంటోంది. ఈ పేరు పెద్దయ్యాక తెలిసింది. చిన్నప్పుడు ఈ అడవి అంచునే దాన్ని మొదటిసారి చూసి, పాపం, జారి పడిపోతోందనుకున్నాను.

ఆ రోజు మా అవ్వతో చింతకాయలు రాల్చడానికి వచ్చాను. రాలే కాయలు పట్టే పాత చీర ఒకటుండేది, ఎప్పుడూ పుల్లటి వాసన కొట్టేది. దాన్ని ఈడ్చుకుంటూ పిట్ట ఉన్న చెట్టు కిందికి పరిగెత్తాను. ఒక్కదాన్నే పరిచి పట్టుకోలేక ఏడుపొచ్చేసింది.

“అవ్వా, జల్దీ రా! పిట్ట పడిపోతాండాది!”

అవ్వ తలెత్తి చూసింది. నవ్వలేదు.

“ఆ కొస గట్టిగా పట్టుకో పాపా. ఈ కొస నేను పట్టుకుంటా.”

పిట్ట మెల్లగా చీర దగ్గరదాకా దిగి, తుర్రుమని ఎగిరిపోయింది.

“చూసినావా? మనం ఉండామని దానికి ధైర్యమొచ్చినాది,” అంది అవ్వ.

చాలా ఏళ్లు అదే నిజమనుకున్నాను. రోజూ అడవికి పోయే మనిషి, ఆ పిట్ట పడదని అవ్వకు తెలియదా! అయినా అది ఎగిరేదాకా తన కొస వదల్లేదు.