కళ్ళి గీయబోతే

2004 ఏప్రిల్‌లో నన్ను తమిళనాడులోని ధర్మపురి జిల్లాలో కొత్తగా కడుతున్న ఒక ప్రదర్శనశాలకు డిప్యుటేషన్ మీద పంపారు. నా హోదా ఆర్టిస్ట్, గ్రేడ్ టూ. పైన క్యూరేటర్, కింద ఎవరూ లేరు. మెట్టభూముల గదిలో అద్దం వెనక నిజమైన రాళ్ళూ ఎండుగడ్డీ పరిచి, వాటి వెనక వంపు గోడ మీద దృశ్యం చిత్రించాలి. దీన్ని డయోరమా అంటాం. రాళ్ళు ఎక్కడ ఆగాయో, రంగు ఎక్కడ మొదలైందో చూసేవాళ్ళకు తెలియకూడదు.

క్యూరేటర్ గారు ఒక విదేశీ క్యాలెండర్ చేతిలో పెట్టి అందులోని ఎడారిని దించెయ్యమన్నారు. స్తంభాల్లాంటి జెముళ్ళు, తాటిచెట్టంత ఎత్తు. మన నేలలో లేనిది మన గదిలో ఎందుకండీ అని మొండికేశాను. మన నాగజెముడు కూడా ఒకప్పుడు ఓడలెక్కి వచ్చిందేనని ఆయనకు గుర్తు రాకపోవడం నా అదృష్టం. విసుక్కుంటూ మూడు రోజుల గడువిచ్చారు. ఆలోగా జెముడును ఎదురుగా చూసి వేసిన రంగుల చిత్తు తేవాలి, లేదంటే నోరు మూసుకుని క్యాలెండరే వెయ్యాలి.

మొదటి రోజు వెల్లిచందైలో బస్సు దిగి నడిచాను. ఒక చేను గట్టు పొడవునా నాగజెముడు, ఒంటినిండా పసుపు పూలు. మనం ఆకులనుకునేవి ఆకులు కావు. కాండమే రాగిరొట్టెలా పరుచుకుని నీళ్ళు దాచుకుంటుంది. నిలబడి చూస్తూ ఉండిపోయాను.

చేను రామక్కది. అరవై దాటిన మనిషి, సేద్యమంతా తానే చూసుకునేది. ఎవరు నువ్వని అడిగిన ఆమె తెలుగు వినగానే నాకు ప్రాణం లేచొచ్చింది. “కళ్ళి గీసుకునేదానికి వచ్చినానక్కా” అన్నాను. ఇరవై ఏళ్ళుగా ఆఫీసు తమిళంలో మునిగినవాణ్ణి కదా, జెముడుకు తమిళ పేరే నోటికి వచ్చింది.

ఆమె ముఖం మాడిపోయింది. గట్టు చివర రెండు ఈతచెట్లున్నాయి. నా భుజాన మడిచిన బొమ్మల స్టాండు నిచ్చెనలా ఉంది, నడుముకు నీళ్ళ ముంత, చేతిలో పెన్సిళ్ళు చెక్కే కత్తి. ఆమెకు వినపడింది కల్లు. మనం బొమ్మా గీస్తాం, కల్లూ గీస్తాం. తమిళనాట కల్లు గీత నిషేధం.

“పోలీసోళ్ళు వస్తే నా వాకిట్లోకి వస్తారు, నీ వాకిట్లోకి కాదు. చెట్టు జోలికి పోయినావంటే బాగుండదు, చెప్తాండా” అంది.

కాదక్కా, కళ్ళే, కళ్ళే అని నేను నొక్కి చెప్పినకొద్దీ ఆమెకు కోపం పెరిగింది. ఒక రోజు గంగలో కలిసింది.

రెండో రోజు చేనులో అడుగుపెట్టకుండా రోడ్డు పక్కనే కూర్చుని గీశాను. రామక్క కొడవలి పట్టుకుని ఈతచెట్ల కింద కాపలా ఉంది. మధ్యాహ్నానికి ఓపిక చచ్చి, వెనకగా వచ్చి కాగితంలోకి తొంగిచూసింది.

“జెముడా? ఆ మాట నిన్ననే చెప్తే పోయేది గదప్పా. ఏమి మనిషివి నువ్వు!”

ఆమె నవ్వు ఆగలేదు. నాకు సిగ్గేసింది, మా అమ్మ కూడా జెముడు అనే అనేది. రామక్క మజ్జిగ తెచ్చి ఇచ్చి, మళ్ళీ కాగితం చూసి తప్పు పట్టింది. “పూలన్నీ ఒకే పసుపా? పొద్దున విచ్చేటప్పుడు పసుపు, వాడిపోయేకి నారింజ. ఈ పొద్దు పూసిందీ నిన్న పూసిందీ ఒకటేనా?”

మూడో రోజు పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఆ పొద పక్కనే కూర్చున్నాను. ఆమె చెప్పింది అక్షరాలా నిజం. ఒకే జెముడు అట్ట మీద పసుపు పువ్వు, నారింజ పువ్వు, ముదురు ఎరుపు కాయ. ఆ చిత్తు తీసుకెళ్ళి క్యూరేటర్ గారికి చూపించాను. క్యాలెండర్ వెనక్కి తీసుకుని తన గదిలో మేకుకు తగిలించుకున్నారు.

గది తెరిచాక రామక్క వచ్చింది. అద్దానికి ముఖం ఆనించి ఈ కొస నుంచి ఆ కొస దాకా చూసింది.

“అంతా నా చేనే. నా ఈతచెట్లు ఏవప్పా?”

“జోలికి పోవద్దని నువ్వే అంటివి గదక్కా” అన్నాను.

ఆ తర్వాత రిటైరయ్యేదాకా ఏ ఊళ్ళో స్టాండు దించినా, పెన్సిల్ తీసేముందు అక్కడివాళ్ళను ఒక్క ప్రశ్న అడిగేవాణ్ణి. దీన్ని మీరేమంటారు?